గాయపడిన చేప పిల్ల: ఏ నీళ్లలో ఉంచాలి, ఏ మందు వేయాలి?

తోక చిరిగిన చేప పిల్లో, ఒంటి మీద పొలుసులు ఊడిన పిల్లో కంటపడగానే చాలామంది చేయి మందు సీసా మీదకే పోతుంది. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది మందు సంగతి కాదు, చోటు సంగతి. చిన్న గాయాన్ని చేప శరీరం తనంతట తానే మూసుకోగలదు. ఆ లోపు మిగతా పిల్లలు దాన్ని మళ్లీ పొడవకుండా, నీళ్లు పాడవకుండా, తిండి తప్పిపోకుండా చూసే చోటు దొరికితే సగానికి పైగా పని అయిపోయినట్టే. తప్పు చోటు ఎంచుకుంటే ఎంత మంచి మందైనా ఆదుకోదు.

ఈ సలహా మంచినీటి అక్వేరియం చేపల పిల్లల కోసం. గప్పీ, మోలీ, ఫైటర్, ఏంజెల్, బార్బ్, టెట్రా, గోల్డ్ ఫిష్ లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. అర సెంటీమీటరు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా ఉన్న దశను దృష్టిలో పెట్టుకుని రాసింది. పెద్ద చేపలకు చెప్పే పద్ధతులు కొన్ని పిల్లలకు పనికిరావు. అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో వచ్చినచోట చెబుతాం.

## ముందు చూసుకోవాల్సినవి

పిల్ల సైజు. సెంటీమీటరు లోపు పిల్లను పట్టి వేరేచోట వేయడమే ఒక గాయం. దాని ఒంటి మీది జిగురు పొర పలచన, వల దారానికి రాసుకుంటే అదే లేచిపోతుంది. అందుకే ఈ సైజులో వీలైనంత వరకు పిల్లను కదపకుండా చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చాలి. కదపక తప్పకపోతే వల వాడొద్దు. చిన్న కప్పును నీళ్లలో ముంచి పిల్లను నీటితో సహా ఎత్తాలి. రెండు సెంటీమీటర్లు దాటిన పిల్ల ఒకసారి మార్చడాన్ని తట్టుకుంటుంది.

గాయం లోతు. రెక్క చివర చిరగడం, రెండు మూడు పొలుసులు ఊడటం పైపై గాయాలు. ఎర్రగా కండ కనబడితే లోతు గాయం. ఈ తేడా ఎందుకంటే, మంచినీటి చేప ఒంట్లో ఉప్పు శాతం బయటి నీటి కంటే చాలా ఎక్కువ. చర్మం తెగినచోట నుంచి నీళ్లు లోపలికి చొరబడుతూ, లోపలి లవణాలు బయటికి కారిపోతూ ఉంటాయి. ఆ నీటిని తోడిపోయడానికి మూత్రపిండాలు రాత్రింబవళ్లు పనిచేయాలి. పిల్ల ఎంత చిన్నదైతే, ఒంటి బరువుతో పోలిస్తే అంతే గాయం దానికి అంత పెద్ద భారం.

గాయానికి కారణం. కారణం ట్యాంకులోనే ఉంటే చోటు ఎంపిక మారిపోతుంది. తోబుట్టువులు పొడిస్తే తోక, వీపు రెక్క చివర్లు తురిమినట్టు ఉంటాయి. ఫిల్టర్ లాగేసిన పిల్లకు ఒకవైపు పక్క అంతా పాలిపోయి పొలుసులు లేచి ఉంటాయి. దీనికి మందు ఫిల్టర్ నోటికి స్పాంజ్ తొడగడం. గాజు మీద దారాల్లాంటి చేతులు చాచిన హైడ్రా అనే చిన్న జీవి ఉంటే, పుట్టిన కొద్ది రోజుల పిల్లలను అది కుట్టి పట్టుకుంటుంది. క్యాట్‌ఫిష్ జాతి పిల్లల రెక్క ముళ్లు వలలో ఇరుక్కుంటే, లాగినప్పుడు రెక్క మొదట్లోనే చిరుగుతుంది.

తిండి. పెద్ద చేప మూడు నాలుగు రోజులు పస్తున్నా నిలబడుతుంది. పిల్ల చేప అలా నిలబడదు. రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పడాలి. "చికిత్సలో ఉన్నప్పుడు మేత ఆపండి" అనే మాట పెద్ద చేపలకు చెప్పింది, పిల్లలకు వర్తించదు. మేత వేస్తే వ్యర్థాలు పెరుగుతాయి, వ్యర్థాలతో అమ్మోనియా అనే విషం పెరుగుతుంది. ఏ చోటు ఎంచుకున్నా తప్పని చిక్కు ఇది, కింద చెప్పే పోలికంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీ చేతిలో ఉన్న సమయం. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చగలరా, ఒక్కసారేనా, రోజంతా ఇంట్లో లేరా? మొహమాటం లేకుండా జవాబు చెప్పుకోండి. నీళ్లు మార్చలేనివాళ్లు చిన్న డబ్బాలో చికిత్స మొదలుపెడితే, పిల్లను గాయం నుంచి తప్పించి అమ్మోనియాకు అప్పగించినట్టు అవుతుంది.

## నాలుగు చోట్లు, ఒక చూపులో

| చూడాల్సింది | అదే ట్యాంకు | బ్రీడింగ్ బాక్సు (ట్యాంకు నీళ్లలోనే పిల్లను వేరుగా ఉంచే చిన్న పెట్టె) | తేలే డబ్బా | హాస్పిటల్ టబ్బు |
|---|---|---|---|---|
| నీటి పరిమాణం | మొత్తం ట్యాంకు | మొత్తం ట్యాంకు | 1–3 లీటర్లు | 8–15 లీటర్లు |
| నీటి నాణ్యత | స్థిరం | స్థిరం, బాక్సు మూలలు మురికి | గంటల్లో పాడవుతుంది | రోజులో పాడవుతుంది |
| వేడి | స్థిరం | స్థిరం | స్థిరం | వేరే హీటర్ కావాలి |
| పొడిచేవాటి నుంచి రక్షణ | లేదు | చాలావరకు | పూర్తిగా | పూర్తిగా |
| మందు వేయడం | కుదరదు | కుదరదు | కుదురుతుంది | బాగా కుదురుతుంది |
| మీ శ్రమ | తక్కువ | తక్కువ | రోజుకు 2–3 సార్లు | రోజుకు 1–2 సార్లు |
| ఏ గాయానికి | చిన్న చిరుగు | పైపై గాయం | మందు అవసరమై హీటర్ లేనప్పుడు | లోతు గాయం, బూజు, సోకు (ఇన్ఫెక్షన్) |

## అదే ట్యాంకులో ఉంచడం

ఇది చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. తోక చివర కొద్దిగా చిరిగి, పిల్ల మేతకు ముందుకొస్తూ, రెక్కలు విప్పుకుని ఈదుతుంటే దానికి ఇదే అన్నిటికంటే మంచి చోటు. నీళ్లు కుదురుగా ఉంటాయి, వేడి మారదు, పట్టుకునే ఒత్తిడి లేదు. గుంపుగా బతికే టెట్రా, బార్బ్, కోరిడోరస్ పిల్లలను ఒంటరిగా తీసి పెడితే భయంతో మేత మానేస్తాయి. అలాంటివాటికి ఈ చోటు ఇంకా నయం.

ఒక షరతు ఉంది. పొడిచేవి పొడుస్తూనే ఉంటే ఇక్కడ ఉంచి లాభం లేదు. అయితే గాయపడిన పిల్లను తీయాలని అందరికీ తడుతుంది గానీ, పొడిచే పిల్లను తీసి పెట్టాలని ఎవరికీ తోచదు. పొడిచేది ఒకటో రెండో అయితే వాటినే బాక్సులోకి మార్చండి. అవి బలంగా ఉన్నాయి, మార్పును తట్టుకుంటాయి. గాయపడినది తన చోట తాను ఉంటుంది. ఫైటర్, సిక్లిడ్ పిల్లలు ఒకదాన్నొకటి పొడవడం మొదలుపెట్టే వయసులో ఇది చాలా పనికొస్తుంది. మొత్తం గుంపే కలబడుతుంటే మాత్రం అది ఇరుకు సమస్య. కొన్నిటిని పెద్ద ట్యాంకుకు మార్చాలి, జావా మాస్ లాంటి గుబురు మొక్క వేసి ఒకదాని చూపు ఇంకొకదానికి తగలకుండా చేయాలి, మేత ఒక్కచోట కాకుండా నాలుగు చోట్ల వేయాలి.

ఇక్కడ ఉంచితే చేయాల్సిన పని: వారం పాటు రోజూ నీళ్లు 15–20 శాతం మార్చడం, అడుగున మిగిలిన మేత పైపుతో లాగేయడం, అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉన్నాయని నీటి పరీక్ష కిట్‌తో చూసుకోవడం.

## బ్రీడింగ్ బాక్సు

వలతో చేసినది, సన్నని చీలికలున్న ప్లాస్టిక్‌ది, ట్యాంకు గోడకు బయట వేలాడేది అని మూడు రకాలు ఉన్నాయి. గాయపడిన పిల్లకు ఈ మూడూ ఒకటి కావు.

వల బాక్సులో నీళ్లు ధారాళంగా మారతాయి. కానీ చిరిగిన రెక్క దారాల్లో చిక్కుతుంది, బయట ఉన్న పెద్ద చేపలు వల గుండా పీకుతాయి. ఇది పైపై గీతలకు సరిపోతుంది, చిరిగిన తోకకు వద్దు. చీలికల ప్లాస్టిక్ బాక్సు లోపల నునుపు, రెక్క చిక్కదు. దాని లోపమల్లా నీళ్లు కదలకపోవడం. మేత ముక్కలు మూలల్లో చేరి కుళ్లి, అక్కడే పడుకున్న పిల్ల గాయానికి తగులుతాయి. పక్కన ఒక ఎయిర్ స్టోన్ పెట్టి సన్నని బుడగలు వదిలితే నీళ్లు కదులుతాయి. బయట వేలాడే బాక్సులోకి ఎయిర్ పంపు ట్యాంకు నీటినే తోడి పోస్తుంది, అందువల్ల మూడింటిలో అదే మేలు. పంపు ఆగితే లోపలి నీళ్లు త్వరగా చల్లబడతాయన్నది గుర్తుంచుకోవాలి.

బాక్సుకు ఉన్న పెద్ద పరిమితి మందు. బాక్సులో వేసిన ప్రతి చుక్కా ట్యాంకంతా పాకుతుంది. అందుకని ఇది మందు అక్కర్లేని గాయానికే. సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల పిల్లలకు, తోక సగం దాకా చిరిగినా కండ కనబడనివాటికి, రోజులో ఎక్కువసేపు ఇంట్లో ఉండని యజమానికి ఇదే సరైన ఎంపిక. ఒకటి రెండు పిల్లలకు మించి వేయకండి. మేత వేసిన పావుగంటకు మిగిలింది పెద్ద డ్రాపర్‌తో లాగేయండి.

## తేలే డబ్బా

ఒకటి నుంచి మూడు లీటర్లు పట్టే, మూతి వెడల్పైన ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంకు నీళ్లే పోసి, దాన్ని ట్యాంకు అంచుకు క్లిప్పుతో కదలకుండా బిగించి నీళ్లలో తేలనివ్వడం. డబ్బాలోని నీళ్లు వేరు, వేడి మాత్రం ట్యాంకుది. రెండో హీటర్ లేనివాళ్లు మందు వేయడానికి ఇది దారి. పక్కనే తోబుట్టువులు కనబడుతుంటాయి కాబట్టి గుంపు చేపలు అంతగా బెదరవు.

లోపం పరిమాణంలోనే ఉంది. రెండు లీటర్ల నీళ్లలో రెండు పూటల మేత చాలు అమ్మోనియా పైకి పోవడానికి. ఉదయం, సాయంత్రం కనీసం సగం నీళ్లు మార్చి, తీసిన నీటికి సరిపడా మందు కలిపి పోయాలి. క్లిప్పు ఊడి డబ్బా ఒరిగితే మందు ట్యాంకులో కలుస్తుంది. ఉప్పు అయితే పెద్దగా నష్టం లేదు, మిథిలీన్ బ్లూ అనే బూజు మందు అయితే ఫిల్టర్‌లో అమ్మోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా దెబ్బతింటుంది. కాబట్టి తేలే డబ్బాలో ఉప్పు వరకే ఉండటం క్షేమం. అది కూడా మూడు నుంచి ఐదు రోజులకు మించి కాదు.

## హాస్పిటల్ టబ్బు

కండ కనబడే గాయానికి, బూజు పట్టిన గాయానికి, ఎర్రదనం పాకుతున్న గాయానికి ఇదొక్కటే దారి. మంచి టబ్బు ఎలా ఉండాలో చెబుతాం, ఎందుకంటే చాలామంది పిల్లలను పోగొట్టుకునేది ఇక్కడే.

8 నుంచి 15 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున ఇసుక, రాళ్లు వద్దు. మురికి కనబడాలి, లాగేయడానికి వీలుగా ఉండాలి. నీటి లోతు 10–12 సెంటీమీటర్లు మించనివ్వకండి. నీరసంగా ఉన్న పిల్ల పైకి వచ్చి మేత అందుకోగలగాలి. నీళ్లు పూర్తిగా పాత ట్యాంకు నుంచే తీసుకోండి. వేడి, పీహెచ్ (నీటి పులుపు, క్షార స్థాయి), గట్టిదనం (కరిగిన ఖనిజాల పాళ్లు) అన్నీ అవే ఉంటాయి కనుక పిల్లకు మార్పు తెలియదు. తర్వాత రోజూ మార్చే నీళ్లు కూడా, ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నంతకాలం, అక్కడి నుంచే తేవచ్చు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు కలిపి, వేడి సరిచూసి పోయాలి.

ఫిల్టర్ విషయంలో ఒక్క నియమం: కొత్త స్పాంజ్ పనిచేయదు, అందులో ఆ మేలు బ్యాక్టీరియా ఇంకా చేరి ఉండదు. ట్యాంకులో కనీసం నెల రోజులుగా నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్‌ను అలాగే తెచ్చి పెట్టాలి. ముందుచూపు ఉన్నవాళ్లు ట్యాంకులో ఎప్పుడూ ఒక స్పాంజ్ ఫిల్టర్ అదనంగా నడుపుతారు, అవసరం వచ్చిన రోజు తీసి వాడుకుంటారు. గాలి నెమ్మదిగా, బుడగలు లెక్కపెట్టగలిగేంత సన్నగా రావాలి. చిరిగిన తోకతో పిల్ల ఏటికి ఎదురీదే స్థితిలో ఉండదు.

హీటర్ 10 లీటర్లకు 25 వాట్లది సరిపోతుంది. ఉష్ణమండల చేపలకు 26–27 డిగ్రీలు ఉంచండి. వేడి పెంచితే గాయం త్వరగా మానుతుందన్న మాటలో నిజం లేకపోలేదు, చేప శరీరంలో ప్రతి పనీ వేడితోపాటే వేగం అందుకుంటుంది. కానీ 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొద్దిగా పైన ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు 7.5 దగ్గరే ఆగిపోతాయి. పైగా గాయాలకు పట్టే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వేడి నీళ్లలో చెలరేగుతుంది. గోల్డ్ ఫిష్ పిల్లలకు అంత వేడి అక్కర్లేదు, 22–24 డిగ్రీలు చాలు.

ఫైటర్, గౌరామి పిల్లలకు ఇంకో జాగ్రత్త కావాలి. మూడు నాలుగు వారాల వయసు దగ్గర వాటికి పైగాలి పీల్చే అవయవం ఏర్పడుతుంది. నీటి పైన ఉన్న గాలి చల్లగా, పొడిగా ఉంటే అది దెబ్బతింటుంది. టబ్బు మీద మూత వేసి, గాలి ఆడటానికి చిన్న సందు వదలండి. ఎగిరి బయటపడే ప్రమాదమూ తప్పుతుంది.

ఇక అమ్మోనియా. కిట్ చూపించే అంకె మొత్తం అమ్మోనియాది. అందులో విషపు భాగం ఎంతన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అది ఒక శాతం లోపు, పీహెచ్ 8 అయితే ఆరు శాతానికి పైన. అంటే ఒకే అంకె ఒకరి టబ్బులో ఫరవాలేదు, మరొకరి టబ్బులో మొప్పలు కాల్చేస్తుంది. పీహెచ్ ఎక్కువగా ఉండే గట్టి నీళ్లు వాడేవాళ్లు కిట్ లీటరుకు 0.25 మిల్లీగ్రాములు చూపిన వెంటనే సగం నీళ్లు మార్చేయాలి. ఏదీ కొలవలేని పరిస్థితిలో రోజూ 40–50 శాతం మార్చడమే నియమంగా పెట్టుకోండి. చిన్న పిల్లలున్న టబ్బులో నీళ్లు తీసేటప్పుడు సన్నని ఎయిర్ పైపు వాడి, దాని నోటికి పలచని గుడ్డ కట్టండి.

## చికిత్స: నాలుగు దారులు

| చికిత్స | మోతాదు | ఏం చేస్తుంది | ఏం చేయదు | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| శుభ్రమైన నీళ్లు మాత్రమే | రోజూ 20–50 శాతం మార్పు | శరీరం తనంతట మానేందుకు వీలిస్తుంది | పట్టిన సోకును ఆపదు | అందరికీ సరే |
| ఉప్పు | లీటరుకు 1–3 గ్రాములు | ఒంటిలోకి నీరు చొరబడే భారం తగ్గిస్తుంది | లోపలి సోకును నయం చేయదు | టెట్రా, లోచ్, కోరిడోరస్‌కు 1 గ్రాము మించొద్దు |
| మిథిలీన్ బ్లూ | లీటరుకు 1–2 మిల్లీగ్రాములు | గాయం మీద బూజును అడ్డుకుంటుంది | లోతు బ్యాక్టీరియాపై బలహీనం | మొక్కలు, రొయ్యలు ఉన్న ట్యాంకు |
| యాంటీబయాటిక్ | వైద్యుడు చెప్పినంత | పాకుతున్న బ్యాక్టీరియా సోకు | బూజు, దెబ్బ, విరిగిన ఎముక | సోకు లేని గాయం |

శుభ్రమైన నీళ్లు. చేప చర్మం పైపొర కణాలు గాయం అంచుల నుంచి జారుకుంటూ వచ్చి ఖాళీని కప్పేస్తాయి. పైపై గీత వెచ్చని నీళ్లలో ఒక రోజులోనే మూసుకోగలదు. జీబ్రా చేపల మీద ప్రయోగశాలల్లో చేసే పనిలో, 28 డిగ్రీల నీళ్లలో కోసిన తోక రెక్క రెండు వారాల చిల్లరలో తిరిగి పెరుగుతుంది. ఎదిగే వయసులో ఉన్న పిల్లలకు ఈ శక్తి పుష్కలం. రెక్క గాయాల్లో అధిక భాగానికి ఇంతకు మించి అవసరం లేదు.

ఉప్పు. నీటి కంటే పైమెట్టు ఏదైనా కావాలంటే ముందు ఎంచుకోవాల్సింది ఇదే. చవక, కొలవడం తేలిక, మోతాదు కొద్దిగా తప్పినా ప్రాణం తీయదు. గడ్డ కట్టకుండా కలిపే రసాయనాలు లేని ఉప్పు తీసుకోండి. అయోడిన్ ఉన్నా ఆ కొద్ది పాళ్లకు చేపకు హాని లేదు. చెంచాతో కాదు, తూచి వేయండి. రాతి ఉప్పుకూ మెత్తని ఉప్పుకూ చెంచా బరువు తేడా వస్తుంది. 10 లీటర్ల టబ్బుకు మొదట 10 గ్రాములు, వేరే గ్లాసులో పూర్తిగా కరిగించి, పిల్లకు దూరంగా నెమ్మదిగా పోయాలి. గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్ లాంటివాటికి లోతు గాయం ఉంటే పన్నెండు గంటలకోసారి మరో 10 గ్రాముల చొప్పున పెంచి 30 గ్రాముల దగ్గర ఆపవచ్చు. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పే కలపాలి. ఆవిరైన నీటి బదులు పోసేదానికి ఉప్పు వద్దు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఈ లెక్క తప్పి వారంలో ఉప్పు రెట్టింపు చేసుకునేవాళ్లు ఉన్నారు.

ఉప్పుతో రెండు అదనపు లాభాలు వస్తాయి. అందులోని క్లోరైడ్ మొప్పల గుండా నైట్రైట్ లోపలికి పోవడాన్ని అడ్డుకుంటుంది, కుదురుకోని టబ్బులో అది పెద్ద రక్షణ. మేతగా వేసిన ఆర్టీమియా (సన్నని ఉప్పునీటి రొయ్య) పిల్లలు కూడా ఉప్పు నీళ్లలో ఎక్కువసేపు బతికి ఉంటాయి, నీరసంగా ఉన్న పిల్లకు వాటిని పట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

పెద్ద చేపలకు చెప్పే గాఢమైన ఉప్పు స్నానం, అంటే లీటరుకు 10–30 గ్రాముల నీళ్లలో కొద్ది నిమిషాలు ముంచి తీయడం, పిల్లలకు వద్దేవద్దు.

మిథిలీన్ బ్లూ. చర్మం బాగా పోయి బూజు పట్టే వీలున్న గాయానికి, దూదిలా పోగులు కనబడుతున్న గాయానికి ఇది పనికొస్తుంది. సీసా మీద శాతం చూడకుండా చుక్కల్లో కొలవకండి. ఒక శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కాబట్టి 10 లీటర్ల టబ్బులో ఒక మిల్లీలీటరు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము అవుతుంది. పిల్లలకు అక్కడే మొదలుపెట్టి, బూజు తగ్గకపోతే రెండుకు పెంచండి. మూడు నుంచి ఐదు రోజులు చాలు. స్పాంజ్ ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను ఇది చంపుతుంది, అందుకే మందు వేసే ముందు ఆ స్పాంజ్‌ను తిరిగి ట్యాంకులో పెట్టి, టబ్బులో ఉత్త ఎయిర్ స్టోన్ నడపాలి. ఇక ఆ రోజుల్లో అమ్మోనియాను ఆపేది మీ చేతి నీటి మార్పే. రోజూ సగం మార్చలేకపోతే ఈ మందు ఎంచుకోకండి. వెలుగుకు మందు విరిగిపోతుంది కాబట్టి టబ్బును నీడలో పెట్టండి. కోర్సు అయ్యాక యాక్టివేటెడ్ కార్బన్ నీలం రంగును లాగేస్తుంది. సిలికోన్ అతుకులకు అంటిన నీలం మాత్రం పోదు.

యాంటీబయాటిక్. గోటితో పోయేదానికి గొడ్డలి అందుకోవడం ఇక్కడే ఎక్కువగా జరుగుతుంది. గాయం చుట్టూ ఎర్రదనం రోజురోజుకూ పాకడం, రెక్క లోపలికి కరిగిపోతూ రావడం, వీపు మీద జీను వేసినట్టు బూడిద రంగు పట్టడం కనబడితేనే దీని ఆలోచన చేయాలి. చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడు దొరికితే అడిగి వాడటం అన్నివిధాలా మేలు. ఒక సంగతి తెలిసుండాలి: టెట్రాసైక్లిన్ జాతి మందులు గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుపోయి బలం కోల్పోతాయి. మీ నీళ్లు గట్టివైతే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి. రెండు రోజులకే బాగుందని సగంలో ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మందుకు లొంగనిది కావచ్చు.

మలాకైట్ గ్రీన్, ఫార్మలిన్, రాగి మందులు గాయం మాన్పడానికి కాదు, పరాన్న జీవుల కోసం. పిల్లలకు వీటి మోతాదుకీ విషానికీ మధ్య ఎడం తక్కువ. వాడకండి. బాదం ఆకు నీళ్లను కాస్త పుల్లబరిచి రంగు తెస్తుంది, ఫైటర్ పిల్లలకు ప్రశాంతత ఇస్తుంది. ఉంటే వేసుకోండి, దాన్నే చికిత్స అనుకుని ఆగిపోకండి.

## తెల్లగా కనబడేదంతా బూజు కాదు

మందు మార్చాలా వద్దా అన్న నిర్ణయం ఈ ఒక్క చూపు మీద నిలబడుతుంది, అందుకే దగ్గరగా చూడటం నేర్చుకోవాలి. టార్చి లైటు పక్క నుంచి వేసి, నీళ్లు కదిలినప్పుడు గాయాన్ని గమనించండి.

కొత్త చర్మం గాయానికి అతుక్కుని, పలచగా, పొగమంచు రంగులో ఉంటుంది. నీళ్లు కదిలినా కదలదు. కొత్తగా పెరిగే రెక్క పూర్తిగా పారదర్శకం. పాత రెక్క రంగు ఆగినచోట నుంచి పలచని ప్లాస్టిక్ కాగితం అతికించినట్టు ఒక అంచు ముందుకు వస్తుంది, దాని గీత నునుపుగా ఉంటుంది. రంగు వారాల తర్వాత గానీ ఎక్కదు. దీన్ని చూసి తెగులు అనుకుని మందు వేసి, మానుతున్న చేపను ఇబ్బంది పెట్టేవాళ్లు ఎంతోమంది.

బూజు పోగులుగా నిలబడుతుంది, నీళ్లతోపాటు ఊగుతుంది. చచ్చిన కణజాలం మీద పుడుతుంది, ఒకటి రెండు రోజుల్లో దూది ముద్దలా పెరుగుతుంది. దీనికి మిథిలీన్ బ్లూ.

కాలమ్నారిస్ కూడా తెల్లగా, ఒక్కోసారి పసుపు ఛాయతో ఉంటుంది. కానీ పోగులు పొట్టి, చదునుగా పరుచుకుంటుంది. అంచున సన్నని ఎర్ర గీత ఉంటుంది. ఉదయం చూసిన మచ్చ సాయంత్రానికి పెద్దదైతే ఇదే. నోటి చుట్టూ వచ్చినప్పుడు బూజు అని పొరబడతారు. టబ్బు వేడి 24–25 డిగ్రీలకు నెమ్మదిగా దించండి, గాలి పెంచండి, యాంటీబయాటిక్ కోసం ఆలస్యం చేయకండి. ఈ సోకు ట్యాంకులో మిగతా పిల్లలకూ పాకుతుంది కనుక వలలు, డ్రాపర్లు కలిపి వాడొద్దు.

## ఏ గాయానికి ఏ జోడీ

తోక, వీపు రెక్క చిరిగితే పొడిచేదాన్ని తీసేసి అదే ట్యాంకు, లేదా నునుపు గోడల బ్రీడింగ్ బాక్సు. మందు వద్దు. రెక్క ఒంటి దాకా తెగిపోతే, అంటే రెక్క కిరణాల మొదళ్లు కూడా పోతే, ఆ భాగం వంకరగా పెరగవచ్చు, అసలు పెరగకపోనూవచ్చు. అయినా పిల్ల అలా ఈదడం నేర్చుకుంటుంది.

పొలుసులు ఊడి పక్క పాలిపోతే టబ్బు లేదా తేలే డబ్బా, ఉప్పు లీటరుకు 1–2 గ్రాములు. పొలుసులు వారాల్లో తిరిగి వస్తాయి, వరుస మాత్రం కొంచెం అటూ ఇటూ అవుతుంది.

కండ కనబడితే టబ్బు, ఉప్పు. రెండో రోజు పోగులు కనబడితే మిథిలీన్ బ్లూ చేర్చండి. ఈ రెండూ కలిపి వాడవచ్చు.

ఒక కన్ను ఉబ్బితే సాధారణంగా దెబ్బే, శుభ్రమైన నీళ్లలో వారం పది రోజుల్లో తగ్గవచ్చు. రెండు కళ్లూ ఉబ్బితే అది దెబ్బ కాదు, లోపలి జబ్బు లేదా నీటి సమస్య. ఊడిపోయిన కన్ను తిరిగి రాదు. ఒంటి కన్నుతో చేప బతుకుతుంది, మేత దాని చూపున్న వైపు వేయాలి. గుడ్లు బయటికి ఉండే గోల్డ్ ఫిష్ పిల్లలున్నచోట మొనదేలిన అలంకరణలు తీసేయడం చికిత్స కంటే ముఖ్యం.

నోటికి దెబ్బ తగిలితే అసలు ప్రశ్న అది తినగలదా అన్నదే. నోరు తెరిచి మూయగలుగుతుంటే మైక్రో వార్మ్స్, ఆర్టీమియా పిల్లల్లాంటి మెత్తని సన్న మేత ఇచ్చి బాక్సులో ఉంచండి.

వెన్ను వంగిన పిల్లను గాయపడినదిగా భావించి మందులు పోయకండి. పుట్టుకతో వచ్చిన వంపు, దెబ్బతో విరిగిన వంపు రెండూ మందుతో సరికావు. పుట్టినప్పటి నుంచి అడుగున పొట్టతో పాకే పిల్లలదీ గాయం కాదు. ఎన్నో జాతుల పిల్లలు మొదటి రోజుల్లో నీటిపైకి వచ్చి గాలి మింగి ఈత తిత్తి నింపుకోవాలి, ఆ అవకాశం తప్పినవి అలా మిగులుతాయి.

## మీ పరిస్థితిని బట్టి

ఒక్క ట్యాంకే ఉండి, రోజంతా బయట ఉండేవాళ్లకు చీలికల బాక్సు, పక్కన ఎయిర్ స్టోన్, రోజుకో నీటి మార్పు. లోతు గాయమైతే సెలవు రోజుల్లో టబ్బు పెట్టండి, మిగతా రోజుల్లో బాక్సే నయం. సగం సగం నడిపే టబ్బు కంటే నిలకడగా ఉన్న ట్యాంకు నీళ్లు మేలు.

వందల్లో పిల్లలు పెంచేవాళ్లకు ఒక్కో పిల్లకు ఒక్కో టబ్బు సాధ్యపడదు. సైజుల వారీగా విడదీయడమే వాళ్లకు అసలు చికిత్స, గాయాల మూలం సైజుల తేడాలోనే ఉంటుంది. గాయపడినవన్నీ ఒక 20–30 లీటర్ల టబ్బులో కలిపి ఉప్పు వేస్తే, నీరసంగా ఉన్నవి ఒకదాన్నొకటి పొడవవు. తేరుకున్నవి పొడవడం మొదలుపెట్టిన రోజు వాటిని తీసేయాలి.

ఫైటర్ పిల్లల్లో గాయపడిన మగదాన్ని ఎలాగూ జాడీకి మార్చే వయసే అయితే, చికిత్స కోసం మార్చి మళ్లీ గుంపులో కలపకండి. వేరుపడి తిరిగొచ్చినదాని మీద మిగతావి విరుచుకుపడతాయి.

## ఆపేయాల్సి వచ్చినప్పుడు

రెండు రోజులుగా మేత ముట్టకుండా, పక్కకు ఒరిగి, తాకినా కదలని పిల్ల, లోపలి అవయవాలు బయటపడిన పిల్ల కోలుకోదు. దాన్ని అలా వదిలేయడం కంటే బాధ లేకుండా సాగనంపడమే దయ. ఫ్రీజర్‌లో పెట్టడం, మరుగుదొడ్లో వదలడం హింస. లవంగ నూనెను కొద్దిగా గోరువెచ్చని నీళ్లున్న చిన్న సీసాలో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, లీటరు ట్యాంకు నీళ్లకు 0.4 మిల్లీలీటర్ల నూనె చొప్పున కలిపి, అందులో పిల్లను వేయాలి. కాసేపటికి మత్తు కమ్ముతుంది. మొప్పలు కదలడం ఆగాక కూడా అరగంట పాటు అలాగే ఉంచాలి. ఆ గిన్నెను మళ్లీ చేపలకు వాడొద్దు.

## తిరిగి ట్యాంకులోకి

రెక్క పూర్తిగా పెరిగేదాకా ఆగనక్కర్లేదు. గాయం మూసుకుని, రెక్కలు విప్పి, మేతకు పరుగెడుతుంటే చాలు. అడ్డు వచ్చేది సైజు. టబ్బులో మూడు వారాలు గడిపిన పిల్ల వెనకబడుతుంది, ఈలోగా తోబుట్టువులు రెట్టింపయ్యాయంటే వాటి మధ్యకు పంపడం మళ్లీ గాయాన్ని కోరి తెచ్చుకోవడమే. తనకంటే చిన్న గుంపులో వేయండి.

ఉప్పు వేసి ఉంటే రెండు రోజుల్లో నాలుగు విడతలుగా నీళ్లు మార్చి ట్యాంకు నీటి స్థాయికి దించాలి. వదిలే రోజు ట్యాంకులో మొక్కలు, రాళ్లు చోటు మార్చండి, అప్పుడు పాతవాటికి కూడా ఆ చోటు కొత్తే అవుతుంది. మిగతావాటికి కడుపునిండా మేత పెట్టి, లైటు ఆర్పాక కప్పుతో వదలండి. మర్నాడు రెండు పూటలా మేత వేళ నిలబడి చూడండి. మళ్లీ తరుముతున్నది ఒక్కటే అయితే ఈసారి ఆ తరిమేదాన్ని బాక్సులో పెట్టండి.